ఆపిన పాటల పెట్టె

పోయిన గురువారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు నా ముందుకు కాఫీ వచ్చింది. ఎదురుగా గోడ గడియారం ఉండబట్టి వేళ చెప్పగలుగుతున్నాను. ఆ గడియారం ఒకప్పుడు గ్రామఫోను రికార్డు. దాని అంచును నెమలి ఆకారంలో కోసి, నడిమి కన్నంలోంచి రెండు ముళ్లు బయటికి తీసి, మీద బంగారు రంగు పూశారు. పక్కన మరో రికార్డును వేడిచేసి గిన్నెలా వంచి అందులో ప్లాస్టిక్ తీగ పెట్టారు. ఇంకాస్త అవతల ఒక పాత రేడియో ముందుభాగం మాత్రం, వెనక ఏమీ లేకుండా, గోడకు బిగించి ఉంది. లోపల చిన్న బల్బు. స్టేషన్ల పేర్ల మీద వెలుగు పడుతోంది, ఏ స్టేషనూ రాదు. స్పీకర్ల లోపలి కాగితపు గరాటాలను పీకి పూలగుత్తిలా అమర్చారు. తాము చంపిన జంతువు తలను గోడకు కొట్టుకునే జమీందార్ల గురించి చిన్నప్పుడు పుస్తకాల్లో చదివి నవ్వుకునేదాన్ని. వాళ్లు కనీసం ఆ జంతువు అరుపు ఒకసారైనా విని ఉంటారు.

“ఎట్ల ఉండాది చిన్నమ్మా?” అన్నాడు మురళి. గోడ గురించి అడుగుతున్నాడు. నేను కాఫీ గురించి అన్నట్టు, “చల్లగా ఉంది” అన్నాను. నిజంగానే చల్లగా ఉంది. పైన నురగతో ఆకు బొమ్మ వేశారు, ఆ బొమ్మ వేసేలోపు కాఫీ ఆరిపోయింది. కప్పు కింద సాసరు లేదు, అరచేయంత గుండ్రటి బిళ్ల ఒకటి ఉంది.

మురళి మా అక్క సరోజ కొడుకు. అక్క పోయి ఆ రోజుకు పన్నెండు రోజులు. వాడికి మేట్టుపాళయంలో ఒక షెడ్డు ఉంది. పాత రికార్డులు, రేడియోలు, టేపు రికార్డర్లు తూకానికి కొని తెచ్చి, కోసి, కరిగించి, రంగులు పూసి గోడ అలంకారాలు చేయిస్తాడు. వాటిని సముద్రం వైపు వీధుల్లో ఉన్న కాఫీ హోటళ్లు, గెస్ట్ హౌసులు కొంటాయి. మేం కూర్చున్నది అలాంటి ఒక హోటల్లోనే, ఆ గోడలన్నీ వాడి పనే. మంచివాడు. మూడు నెలలు తల్లిని చేతుల మీద ఎత్తుకుని స్నానాల గదికి తీసుకెళ్లాడు. అయితే మంచివాళ్లకు అభిరుచి కూడా ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. అక్క పోయిన మర్నాడే నటేశన్ నగర్ ఇంటి ముందు ఆమె ఫోటోతో ఫ్లెక్సీ కట్టించాడు. దాని మూలల్లో రెండు కన్నీటి బొట్లు, అద్దుకున్నట్టు మెరుస్తూ. అక్క జీవితంలో నేను చూసిన కన్నీళ్లు అంత పెద్దవి కావు.

నేను అలంకారాలు చూడటానికి వెళ్లలేదు. అక్క మంచం కింద ఒక చెక్కపెట్టె ఉండేది. పదోరోజు పని అయ్యాక వంగి చూస్తే దుమ్ములో దాని ఆకారం మాత్రం మిగిలి ఉంది. అడిగితే మురళి, “షెడ్డుకు తీసుకపోయినా చిన్నమ్మా. అమ్మ పేరుతో ఒక గోడ చేస్తా ఉండా. పదారోరోజుకు ముందే నీకు చూపిస్తా” అన్నాడు. ఆ పెట్టె దేనికోసమో వాడికి తెలియదు. నాకు ఆ పెట్టెతో ఒకే అవసరం ఉంది. మా అక్క పాట ఏదో నేను తెలుసుకోవాలి. డెబ్భై ఏళ్లు పక్కపక్కన బతికి, ఆమెకు ఏ పాట ఇష్టమో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అది తెలిస్తే తప్ప ఆమెకు చేయవలసిన చివరి పని చేయలేను. ఆ పని ఏమిటో చెప్పాలంటే మా నైనా దగ్గరికి వెళ్లాలి.

మేం తండ్రిని నైనా అంటాం. మావాళ్లు ఈ తమిళ ఊరికి ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడి వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు అప్పట్లో మా చుట్టూ ముప్ఫై నలభై ఉండేవి. నైనాకు కొంచెం పొలం, ఒక సైకిలు బండి, ఒక రేడియో సెట్టు. రేడియో సెట్టు అంటే రేడియో కాదు. రికార్డులు తిప్పే యంత్రం, ఆంప్లిఫయరు, రెండు మైకు బూరలు, తీగల చుట్టలు, ఇవన్నీ కలిపి ఆ పేరు. పెళ్లి, చెవులు కుట్టడం, గృహప్రవేశం, ఏదైనా నైనా బండి ముందురోజే వెళ్లేది. నైనా మనుషులతో తక్కువ మాట్లాడేవాడు. అన్నం తినేటప్పుడు కూడా తల కొంచెం కుడివైపు వంచి ఉండేది, బూర దగ్గర నిలబడి నిలబడి ఆ చెవి మందగించిందని ఎడమ చెవి ముందుకు పెట్టేవాడు. మేం ఆయనతో మాట్లాడాలంటే చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వెళ్లాలి.

మా ఇంటి గోడలకు మేకులు మూడే. ఒకటి క్యాలెండరుకు, ఒకటి తాళాలకు, ఒకటి నైనా చొక్కాకు. రికార్డులు గోడకు ఎక్కే వస్తువులు అని ఎవరికీ తోచేది కాదు, అవి పెట్టెల్లో నిలువుగా నిలబడేవి. పడుకోబెడితే వంగిపోతాయి. వాటిని చూసేది అక్క. వాటి మొహం మీద చెయ్యి పెట్టకుండా రెండు అంచులూ అరచేతుల మధ్య పట్టుకుని, మెత్తబడిన పంచెగుడ్డతో గాడి తిరిగిన వైపే తుడిచేది. ఎదురు తుడిస్తే దుమ్ము లోపలికి దిగుతుందని నాకు చెప్పేది. అరిగిన సూదులను పౌడరు డబ్బాలో వేసి, డబ్బా నిండితే నూతిగట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చేది, ఎవరి కాల్లోనూ దిగకూడదని. అప్పటి రికార్డులు చాలావరకు లక్కతో చేసినవి, ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గది అంతా లక్క వాసన. సాయంత్రం సెట్టు వేడెక్కాక లోపలి గాజు వాల్వుల మీద దుమ్ము కాలే వాసన దానికి తోడయ్యేది. ఇప్పుడు ఇలాంటి వాసనను సీసాలో పోసి అమ్ముతారేమో తెలియదు. మురళిని అడగలేదు, అడిగితే మొదలుపెడతాడు.

ఈ పెట్టెలన్నిటికీ దూరంగా, వంటింటి గోడకు ఆనించి ఇంకో పెట్టె ఉండేది. అదే ఆపిన పాటల పెట్టె. మా వీధుల్లో ఎవరైనా పోతే మూడోరోజు ఆ ఇంటివాళ్లు ఒకరు వచ్చి నైనా ఎడమ పక్కన నిలబడేవాళ్లు. పోయినవాళ్లకు ఏ పాట ఇష్టమో చెప్పేవాళ్లు. నైనా ఆ రికార్డును మామూలు పెట్టెలోంచి తీసి అక్కకిచ్చేవాడు. అక్క చిన్న కాగితం ముక్క మీద పోయినవాళ్ల పేరు, నెల, కింద “ఆపినాము” అని రాసి, అన్నం మెతుకుతో ఆ రికార్డు నడిమి బిళ్ల మీద అంటించేది. ఇక ఏడాదిపాటు ఆ పాట మా సెట్టులో మోగదు. ఎవరి పెళ్లయినా సరే. ఏడాది తిరిగాక ఆ ఇంటివాళ్లు తాంబూలం తెచ్చి అడిగేవాళ్లు. నైనా వాళ్లింటికి వెళ్లి, బూర తగిలించకుండా, చిన్న పెట్టె స్పీకరుతో, ఇంటివాళ్లకు మాత్రమే వినబడేలా ఆ పాట ఒకసారి వేసేవాడు. అక్క గంజినీళ్లతో కాగితం తడిపి ఒలిచేది. పాట మళ్లీ అందరిదీ అయ్యేది. నేను బడిలో చదివింది తమిళం, ఫ్రెంచి. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఈ కాగితాల మీదే. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన తెలుగు మాట “ఆపినాము.”

ఒకసారి కాలాపేట దాటి దూరపు చుట్టాల పెళ్లికి నైనా సెట్టు తీసుకెళ్లాడు, మేమిద్దరం కూడా వెళ్లాం. ఆ ఏడు ఊరంతా ఒకే పాట అడిగేది. అది మా వీధి ముసలాయన ఒకరి పేరుతో ఆపిన పాట. పెళ్లికొడుకు మేనమామ వచ్చి, “ఏమయ్యా రేడియో సెట్టూ, ఆ పాట ఎయ్యవేంది? లేకుంటే లేదని చెప్పు, ఇంకో సెట్టు పిలిపిస్తాం” అన్నాడు.

“ఉండాది. ఆపినాం” అన్నాడు నైనా.

“ఎవురికోసరం?”

నైనా చెప్పాడు. మేనమామ నవ్వాడు. “సచ్చినోడు ఈడికొచ్చి ఇంటాడా?”

“ఇనలేడనే ఆపినాం” అన్నాడు నైనా. అని, గొంతు పెంచకుండా, సరుగుడు గుంజకు కట్టిన బూర విప్పి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. అందరూ తలా ఒక మాట అంటున్నారు. అప్పుడు పెళ్లికూతురి అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. “ఆ పోయినాయన నాకు తెలుసు. మా పుట్టింటోళ్ల ఎదురిల్లు. సినిమా పాట ఒకటి ఆగితే తాళి కట్టడం ఆగతాదా? ఇంకోటి ఏద్దువు గానీ, బూర కట్టు నాయనా” అంది. మేనమామ సాయంత్రం దాకా మా వైపు రాలేదు. బండి తోసుకుని తిరిగి వస్తుంటే అక్క నాతో, “నైనా ఈరోజు చానా మాట్లాడినాడు” అంది.

మా అమ్మకు కూడా ఒక పాట ఉండేది. అది ఆమె ఎప్పుడూ అడిగి వేయించుకోలేదు. రోజూ సాయంత్రం నైనా సెట్టు సరిచూసుకోవడానికి ఆ రికార్డే పెట్టేవాడు. అది మొదలవగానే అమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, గరిటె పట్టుకుని వంటింటి గడపలో నిలబడేది. ఆవాలు చిటపటమంటే పాట వినబడదని ఆ మూడు నిమిషాలూ తాలింపు వేసేది కాదు. పాట అయ్యాక తాలింపు, ఆ తర్వాత అన్నం. నాకు పదమూడో ఏట అమ్మ పోయింది. మూడోరోజు ఎవరూ వచ్చి చెప్పే పని లేకుండా నైనాయే ఆ చిన్న రికార్డు తీసి అక్కకిచ్చాడు. అక్క అమ్మ పేరు రాసింది. ఏడాది తిరిగింది. నైనా రికార్డు ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు తడిపి, కాగితం అంచు మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత “ఇంకో ఏడాది ఉండనీ” అన్నాడు. మరుసటి ఏడూ అదే మాట. ఆ తర్వాత ఆ మాట కూడా అనలేదు. క్యాసెట్లు వచ్చాక రేడియో సెట్టును పిలిచేవాళ్లు తగ్గారు, పాటలు విడిపించడానికి వచ్చేవాళ్లూ తగ్గారు. నైనా పోయేనాటికి ఆ పెట్టెలో ఎవరూ విడిపించని పాటలు ఇరవై దాకా మిగిలాయి. సొంత నైనాకు ఏ పాట ఆపాలో మాకు తెలియలేదు. ఆయన అన్ని పాటలూ ఒకే చెవితో వినేవాడు. అందుకని ఏడాదిపాటు సెట్టే తీయలేదు.

పెట్టె అక్కతోపాటు నటేశన్ నగర్‌కు వెళ్లింది. అక్క ముసలితనంలో కూడా సాయంత్రం వంటకు నిలబడితే, తాలింపుకు ముందు గ్యాసు తగ్గించి, చేతిలో ఆవాల డబ్బాతో కాసేపు ఊరికే నిలబడేది. గ్యాసు ఆదా అనుకునేదాన్ని. చదువుకున్నదాన్ని కదా, ప్రతిదానికీ ఒక కారణం చూసుకుని తృప్తి పడటం నాకు బాగా అలవాటు.

“కాఫీ తాగేసినావు కదా, ఇప్పుడు ఎనక్కి తిరుగు చిన్నమ్మా” అన్నాడు మురళి.

తిరిగాను. నా వెనక గోడ మొత్తం నల్ల రంగు. మధ్యలో అక్క ఫోటో. చుట్టూ సూర్యకిరణాల్లా లక్క రికార్డులు, ఒక్కొక్కటీ నడిమి కన్నంలో స్క్రూతో బిగించి. వాటి మీద అక్క అంటించిన కాగితాలు వార్నీషు కింద మెరుస్తున్నాయి. ఫోటో కింద మనిషి పొడవున, బంగారు రంగులో, అక్క చేతిరాత అచ్చంగా పెద్దదిచేసి దిద్దిన ఒకే ఒక మాట. ఆపినాము. ఇద్దరు కుర్రపిల్లలు దాని కింద నిలబడి మూతులు ముడిచి ఫోటో తీసుకుంటున్నారు.

“అమ్మ సంతకం” అన్నాడు మురళి. “ప్రతి రికార్డుకూ పైన వేరే వేరే రాసుండాది, కింద మాత్రం ఇదే. అదే అమ్మ సంతకమని కనుక్కున్నా. ఇంక నా షెడ్డులో చేసే ప్రతి పీసుకూ ఎనకవైపు ఇదే ముద్ర.”

వాడికి తెలుగు చదవడం రాదు. ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆరేడేళ్లప్పుడు ఒకసారి ఆ పెట్టె పక్కన కూర్చుని, “ఇదేం రాసినారు చిన్నమ్మా?” అని అడిగాడు. నేను ఏదో పుస్తకం చదువుకుంటున్నాను. “ముందు తమిళం సరిగ్గా రాయి, పో” అన్నాను. గోడను చూసి నేను పడిన అసహ్యంలో సగం వాడిది కాదు. ఆ సగాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, “ఇవి ఇన్నే ఉన్నాయేం, మిగతావి ఏమైనాయి?” అని అడిగాను.

“లక్కవి కోస్తే పగిలిపోతాయి, అందుకే గోడకు ఏసినా. కొత్త రకం నాలుగైదు చిన్నవి ఉండె. వాటి నడిమి భాగం కోసి కోస్టర్లు చేసినా. నీ కప్పు కింద ఉండాదే, అది కూడా అమ్మదే.”

కప్పు ఎత్తాను. పాట ఉండే భాగమంతా కోసేయగా మిగిలిన బిళ్ల. మీద గాజులాంటి పూత, పూత కింద రంగు పోయిన కాగితం. తడి గుండ్రంగా అంటుకుని ఉంటే కొంగుతో తుడిచాను. అమ్మ పేరు కాదు, ఇంకెవరిదో. లేచి పక్క బల్ల దగ్గరికి వెళ్లాను. ఒక జంట కూర్చుని ఉంది. “కొంచెం కప్పులు తీస్తారా” అని తమిళంలో అడిగాను. మురళి వెనక నుంచి, “చిన్నమ్మా, ఏంది ఇది, కస్టమర్లు” అంటున్నాడు. ఆ జంట నన్ను చూసి నవ్వుకుని కప్పులు ఎత్తారు. రెండోది అమ్మది. అక్క పద్దెనిమిదేళ్లప్పటి రాత, అమ్మ పేరు, నెల, ఆపినాము. దాని పక్కన ఖాళీలో, బాల్ పెన్నుతో, ముసలి చెయ్యి రాసిన వణుకు అక్షరాలు: సరోజకూ ఇదే.

ఎప్పుడు రాసుకుందో తెలియదు. మంచం పట్టాకే అయి ఉండాలి. నాకు చెబితే నోటితో పోయేది. నాకోసం రాసిపెట్టింది, ఇంట్లో ఆ అక్షరాలు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే కదా. ఆవాల డబ్బా పట్టుకుని ఆమె రోజూ ఆ మూడు నిమిషాలూ ఎందుకు నిలబడేదో అప్పుడు అర్థమైంది.

“ఏం రాసుండాది?” అన్నాడు మురళి.

“మీ అవ్వ పేరు. పక్కన మీ అమ్మ పేరు. ఇద్దరికీ ఈ పాటే ఇష్టం.”

“ఏ పాట?”

బిళ్ల మీద అచ్చువేసిన పేరు చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. నేను మాట పూర్తి చేసి బిళ్ల కింద పెట్టేలోపు హోటల్ సంగీతంతో కలిపిన ఫోన్ మీద వాడి వేళ్లు కదిలాయి, పైకప్పులోని స్పీకర్లలోంచి ఆ పాట మొదలైంది. ముందు వయొలిన్లు, తర్వాత ఆ గొంతు. యాభై ఏడేళ్లుగా మా ఇంట్లో ఎవరూ వినని గొంతు, గీత లేకుండా, గరగర లేకుండా, చెంచాల చప్పుడు మధ్య. మురళి కళ్లు తడిసి ఉన్నాయి. నా సంతోషం చూడటానికి నా వైపు చూస్తున్నాడు.

“ఆపు” అన్నాను.

“అమ్మకు ఇష్టమైన పాట కదా చిన్నమ్మా.”

“అందుకే. ఆపు.”

ఆపాడు. నిలబడే చెప్పాను. మూడోరోజు, ఏడాది, అన్నం మెతుకు, గంజినీళ్లు. నాలుగైదు మాటల్లో అయిపోయింది, అంత చిన్న సంగతి. వాడు విన్నాడు. బుద్ధిగానే విన్నాడు. తర్వాత గోడ వైపు చూసి, “అయితే అది సంతకం కాదా?” అన్నాడు.

“కాదు. ఆపినాము అని.”

వాడి మొహం విప్పారింది. “మీనింగు కూడా ఎంత బాగుండాది చిన్నమ్మా. ఇంకా బాగుండాది.”

ఏమైనా అనడానికి ఎదుటివాడికి కొంచెమైనా సిగ్గు ఉండాలి, వాడి దగ్గర ఉన్నది ప్రేమ. వాడే మళ్లీ, “సరే, ఏడాది దాకా నేను ఎయ్యను. ప్రామిస్. కానీ ఫోన్లో పాటను ఎట్ల ఆపేది? మనం ఆపితే మాత్రం ఎవురో ఒకరు యాడో ఒకచోట ఇంటానే ఉంటారు కదా” అన్నాడు. నైనా రోజుల్లో కూడా ఇంకో సెట్టు, ఇంకో రికార్డు ఉండేవి. పాట లోకంలో ఆగిపోతుందని మేం ఎన్నడూ అనుకోలేదు. మా చేతిలో ఉన్నదాన్ని మేం ఆపేవాళ్లం. ఈ మాట వాడికి చెబుదామనుకున్నాను. అంతలో ఒకాయన వచ్చి ఆ గోడ రేడియో లాంటిది మా ఇంటికి చేస్తారా అని అడిగాడు. మురళి కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు.

బిళ్ల సంచీలో వేసుకున్నాను. అడగలేదు. గడప దాటుతుండగా పైనుంచి ఆ పాట ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలైంది. కౌంటరు దగ్గరి పిల్ల, సంగీతం ఎందుకో ఆగిపోయిందని చూసి మళ్లీ మీట నొక్కి ఉంటుంది. మురళి వెనక్కి తిరిగి చూడలేదు, రేడియో అద్దం వెనక బల్బు ఎలా మార్చాలో చూపిస్తున్నాడు. వాడికి వినబడనేలేదు. లోపల ఎవరూ తలెత్తలేదు. నేను వీధి చివరిదాకా నడిచాను, అక్కడికి కూడా కొంచెం వినబడుతోంది.

మా వీధుల్లో ఇప్పుడు ఎవరు పోయినా ఏ పాటనూ ఆపరు.